ఛాయిస్‌లో వదిలేసిన పంచాయతీ

మా ఎదురింటి వీర్రాజు పని చేస్తుండగా చూసినవాళ్లు మా వీధిలో ఎవరూ లేరు. పనికి సిద్ధపడుతుండగా మాత్రం అందరం చూశాం. మా అరుగుకీ అతని గుమ్మానికీ మధ్య ఒక ఎడ్లబండి పట్టేంత దారి ఉంది. అటు చూడకూడదనుకుంటే నేను కళ్లు మూసుకుని కూర్చోవాలి. అంత ఓపిక నాకు లేదు.

ఆ ఇంట్లో కాపురం పెట్టిన కొత్తలో బాతులు పెంచుతానన్నాడు. బాతులు కొనకముందే ఏ రోజు ఏ మేత వేయాలో అట్ట మీద రాసి గుమ్మానికి కట్టాడు. బాతులు రాలేదు. అట్ట మాత్రం వానకు తడిసి ఊడిపోయేదాకా వేలాడింది. తరవాత బావమరిదితో కలిసి కలిదిండి వైపు చేపల చెరువు లీజుకి తీసుకుంటానన్నాడు. చేపపిల్ల ఎప్పుడు వదలాలి, నీళ్లు ఎప్పుడు మార్చాలి, పట్టుబడి ఎప్పుడు, అన్నింటికీ కాలెండరు మీద రంగు చుక్కలు పెట్టాడు. చుక్కలు పెట్టడం పూర్తయ్యేసరికి వేరేవాళ్లు ఆ చెరువులో రెండో పట్టుబడి పడుతున్నారు.

రెండువేల ఒకటిలో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. మా వార్డుకు అతనూ ఇంకొకడూ నిలబడదామనుకున్నారు. ఆ ఇంకొకడు మేనమామ కూతురి పెళ్లికి పోయి, నామినేషను వేయడం మరిచిపోయాడు. వీర్రాజు పోటీ లేకుండా వార్డు మెంబరైపోయాడు. ఆ రోజు నుంచి తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. నలుగురిలో 'మెంబరుగారు' అనకపోతే మొహం పక్కకు తిప్పుకునేవాడు. నేను మాత్రం వీర్రాజూ అనే పిలిచేదాన్ని.

ఇల్లు నడిపేది అతని భార్య సుగుణ. తెల్లవారుతుండగానే వ్యాను వచ్చి మా వీధి మొగలో హారను కొడితే, క్యారేజీ చేత్తో పట్టుకుని పరిగెత్తేది. కైకలూరు అవతల రొయ్యల షెడ్డులో తలలు తీసే పని. పొద్దంతా ఐసు నీళ్లలో చేతులు. సాయంత్రం దిగేసరికి వేళ్లు తెల్లగా ఉబ్బి, కొసల దగ్గర చిట్లిపోయి ఉండేవి. కొబ్బరినూనె రాసుకుంటూ మా అరుగు మీద కూర్చునేది. ఉప్పు ముట్టుకుంటే మంట, కారం ముట్టుకుంటే మంట. ఆ చేతులతోనే మళ్లీ అతనికి చేపల పులుసు కలపాలి.

రెండువేల అయిదు జనవరిలో మా ఊరి రేషను డిపో నడిపే సత్తిబాబుగారు, మోకాళ్లు సహకరించడం లేదని డిపో వదులుకున్నారు. కొత్త డీలరు పదో తరగతి పాసై ఉండాలనీ, జూన్ నెలాఖరులోగా సర్టిఫికెట్టు జతచేసి అర్జీ పెట్టుకోవాలనీ పంచాయతీ గోడకు కాగితం అంటించారు. ఆ కాగితం నేను నాలుగుసార్లు చదివాను. నాది అయిదో తరగతి చదువు. గోడ మీద అక్షరం కనబడితే చదవకుండా కదలలేను. చదివి, ఆ సాయంత్రమే సుగుణకు చెప్పాను.

వీర్రాజు అంతకు రెండేళ్ల ముందు ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టాడు. మెంబరన్నాక చదువుండాలట. అన్నీ ఎలాగో గట్టెక్కాయి, సోషల్ ఒక్కటి పోయింది. అందులో సివిక్సు ప్రశ్నల దగ్గరే బోర్లాపడ్డాడు. ఏప్రిల్ నెలలో మళ్లీ పరీక్ష ఉంది. ఆ ఒక్కటీ పాసైతే డిపోకి అర్జీ పెట్టుకోవచ్చు.

"డిపో వత్తే ముందు గదిలో పెట్టుకోవచ్చు కదండి అత్తయ్యగారు" అంది సుగుణ. "ఆయన పేరు బోర్డు మీద ఉంటే ఉండనీండి. బియ్యం కొలిచేది నేనే. ఐసు నీళ్లు ఉండవు కదండి."

ఆ వచ్చిన ఆదివారమే ముందు గదిలో మంచాలు వెనక వసారాలోకి లాగేసింది. గోడలకు సున్నం వేసింది. చిట్లిన వేళ్లకు పాత గుడ్డ చుట్టుకుని వేసింది, సున్నం తగిలితే ఇంకా మంట కదా. గది తెల్లగా, ఖాళీగా తయారైంది. వీర్రాజు ఆ గది మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, ప్రణాళిక వేయడానికి.

ప్రణాళికకు ముందు సరంజామా. గైడు కొనడానికి ఏలూరు వెళ్లాడు. కైకలూరులో దొరికే గైడు మంచిది కాదట. స్కెచ్ పెన్నులు మరిచిపోయి మర్నాడు మళ్లీ ఏలూరు వెళ్లాడు. తరవాత తాడేపల్లిగూడెంలో ట్యుటోరియల్ నడిపేవాళ్ల దగ్గర ఏ ప్రశ్నలు వస్తాయో ముందే తెలిసిపోతుందని ఎవరో అన్నారు. దానికి పెంటపాడులో తోడల్లుడి ఇంట్లో మకాం పెట్టి, నాలుగు రోజులు పందెం కోడి కూర తిని వచ్చాడు. తెచ్చింది ఒక జిరాక్సు కాగితం. దాని మీద 'ముఖ్యమైన ప్రశ్నలు' అని రాసి కింద నలభై ప్రశ్నలున్నాయి. గైడులో మొత్తం ఉన్నవి యాభై రెండు.

ఇక చార్టు. నిలువెత్తు డ్రాయింగు కాగితం మీద స్కేలుతో గళ్లు కొట్టాడు. అంచుల చుట్టూ కలువపూలు వేశాడు. ఆ పూలకే అయిదు రోజులు పట్టింది. రేకులు ఒక వైపు ఎక్కువైతే చెరిపి మళ్లీ వేశాడు. ఫిబ్రవరి సగం అయిపోయింది. అప్పుడు నన్ను పిలిచాడు.

"పిన్నిగారు, ఒకసారి వచ్చి చూడండి."

పిలవకపోయినా వెళ్లేదాన్నే. చార్టు గోడకు కొట్టి ఉంది. పాఠాల పేర్లు వరసగా రాసి, కొన్నింటి పక్కన ఎర్రగా, కొన్నింటి పక్కన పచ్చగా, కొన్నింటి పక్కన నల్లగా గళ్లు నింపాడు.

"ఎరుపంటే ఖాయంగా వచ్చేవండి. కంఠస్థం పట్టాలి. పచ్చ అంటే ఓసారి చూసుకుంటే చాలు. నలుపు ఛాయిస్‌లో వదిలేసినవండి. ఇదో అదో రాయమంటాడు కదండి, అందుకని కొన్ని వదిలేయొచ్చు. దాన్నే తెలివంటారు."

నేను వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివాను. ప్రాథమిక హక్కులు ఎరుపు. పార్లమెంటు ఎరుపు. ఎన్నికలు పచ్చ. న్యాయస్థానాలు నలుపు. దాని కింద స్థానిక ప్రభుత్వాలు, అంటే మన పంచాయతీ, మండలం, జిల్లా పరిషత్తు పాఠం. అదీ నలుపే. మామూలు నలుపు కాదు, రెండుసార్లు దిద్దాడు.

"ఇదేంటి వీర్రాజూ, పంచాయతీ పాఠం వదిలేశావు?"

అతను నవ్వాడు. నా చదువు మీద జాలిపడినట్టు నవ్వాడు. "నేను పంచాయతీలో నాలుగేళ్లుగా మెంబర్నండి పిన్నిగారు. ఆ పాఠం నేను చదవడమేంటండి, చేపపిల్లకి ఈత నేర్పినట్టు. అవసరమైతే ఆ పుత్తకం రాసినోళ్లకే నేను చెప్పగలను."

"చేపకి ఈదడం వచ్చు నాయనా. ఈత గురించి ఎనిమిది మార్కులకి రాయడం వచ్చా?"

"మీరు భలే అంటారండి" అని పచ్చ స్కెచ్చు మూత తీసి, ఒక కలువ ఆకుకు రంగు వేయడం మొదలుపెట్టాడు.

మార్చి వచ్చింది. ఉదయం స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, చార్టు ఎదురుగా కుర్చీలో కూర్చునేవాడు. గైడు తీసేవాడు. ప్రశ్న చదివేవాడు. "ఇది నాలుగుసార్లు వచ్చింది, కాబట్టి ఈసారి రాదు" అనేవాడు. ఇంకోటి చదివి, "ఇది అసలు రాలేదు, కాబట్టి వత్తది" అనేవాడు. జవాబు మాత్రం చదవడు. పదకొండు కాగానే పంచాయతీ ఆఫీసుకు పోయేవాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక గైడు గుండెల మీద బోర్లించుకుని పడుకునేవాడు. ఎంత చదివాడో గడుల్లో టిక్కు పెట్టడం మాత్రం మరిచేవాడు కాదు. చార్టును బట్టి చూస్తే మార్చి పదిహేనుకే అతను కలెక్టరు కావాలి.

గైడును ఒక్కోసారి మా అరుగు మీద వదిలి పోయేవాడు. నాకు పనేముంది, కూడబలుక్కుంటూ చదివాను. స్థానిక ప్రభుత్వాల పాఠం దగ్గర పేజీలు అంటుకుని ఉన్నాయి, ఒక్కసారి కూడా విప్పలేదు. కత్తిపీటతో విడదీసుకుని చదివాను. గ్రామసభ అంటే ఊళ్లో ఓటున్న వాళ్లందరూ అని అందులో ఉంది. ఏడాదికి కనీసం రెండుసార్లు జనాన్ని కూర్చోబెట్టి లెక్కలూ పనులూ చెప్పాలట. నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో ఓటున్నదాన్ని, నేను కూడా గ్రామసభేనని నాకు అప్పుడు తెలిసింది.

ఆదివారాలు సుగుణకు షెడ్డు సెలవు. చేతులకు నూనె రాసుకుని, గైడు మోకాళ్ల మీద పెట్టుకుని అతనికి ఎదురుగా కూర్చునేది. అతను అప్పజెప్పాలి, ఆవిడ చూడాలి. సుగుణ ఏడో తరగతి దాకా చదివింది. నేను బియ్యం చేట పట్టుకుని గుమ్మం పక్కన చేరాను.

"ప్రాథమిక హక్కులు ఆరు" అన్నాడు వీర్రాజు. "సమానత్వపు హక్కు. స్వేచ్ఛా హక్కు. తరవాత... తరవాతది ఎర్ర గడిలో ఉంది."

"పీడనాన్ని నిరోధించే హక్కండి" అంది సుగుణ. గైడు మూసే ఉంది.

"తెలుసు. నోట్లో ఉంది. నాలుగోది మత స్వాతంత్య్రం."

"తరవాత విద్యా సాంస్కృతిక హక్కండి. ఆరోది రాజ్యాంగ పరిహారపు హక్కు."

"నిన్ను చదవమన్నానా, చూడమన్నానా?" అన్నాడతను. "మధ్యలో అందిత్తే ఆలోచన తెగిపోతుంది."

"ఏవండీ, ఆ పంచాయతీది కూడా ఒకసారి చూసుకోండి. టీచరుగారు మరీ మరీ చెప్పారంట కదా."

"టీచరుగారు ఎప్పుడైనా ఎలక్షన్లో నెగ్గారా?"

ఆ టీచరుగారు దేవకుమారిగారు. కైకలూరులో ఓపెన్ స్కూలు వాళ్లకు ఆదివారం క్లాసులు చెప్పేవారు. ఆరు క్లాసుల్లో వీర్రాజు రెండింటికి వెళ్లాడు. నేను కైకలూరులో పీతలు కొనడానికి వెళ్లి, ఆవిడ బస్సు కోసం నిలబడి ఉంటే పలకరించాను. పీతలు మా ఊళ్లోనూ దొరుకుతాయి, అది వేరే సంగతి.

"మా వీర్రాజు ఎలా చదువుతున్నాడండి టీచరుగారు?"

"బాగా మాట్లాడతారండి" అన్నారావిడ. బస్సెక్కబోతూ మళ్లీ వెనక్కి తిరిగి, "స్థానిక ప్రభుత్వాలు మాత్రం వదలొద్దని చెప్పండి. ఎనిమిది మార్కులది అందులోంచి రాని ఏడాది నేను చూడలేదు. రాసేటప్పుడు పుస్తకంలో ఉన్నదే రాయమనండి" అన్నారు.

వచ్చి చెప్పాను. వీర్రాజు చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. "అలాగేనండి పిన్నిగారు" అన్నాడు. నల్ల గడి నల్లగానే ఉంది.

ఏప్రిల్ చివర్లో పరీక్ష జరిగింది. ఆ రోజు సుగుణ షెడ్డు మానేసింది. పెరుగన్నం పెట్టి, నీళ్ల సీసా ఇచ్చి, వీధి మొగ దాకా వెళ్లి పంపింది. మధ్యాహ్నం ఎండలో అతను తిరిగొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. ఇంట్లోకి పోకుండా నేరుగా మా అరుగు ఎక్కి కూర్చున్నాడు. సుగుణ మజ్జిగ గ్లాసుతో పరిగెత్తుకొచ్చింది.

"ఎరుపువి ఏమీ రాలేదు. కానీ భయం లేదు. ఎనిమిది మార్కులకి రెండిచ్చి ఒకటి రాయమన్నాడు. ఒకటి న్యాయస్థానాలు. రెండోది, గ్రామసభ, గ్రామ పంచాయతీ విధుల గురించి వివరింపుము."

సుగుణ నా వైపు చూసింది. "ఏం రాశారండి?"

"ఏం రాశానా, నాలుగు పేజీలు రాశాను. ఎడిషనల్ కాగితం తీసుకున్నది హాల్లో నేనొక్కణ్నే. చుట్టూ మార్జిన్ కూడా కొట్టాను."

"కొట్టావు సరే. ఏం రాశావో చెప్పు" అన్నాను. నాకు ఆగదు.

వీర్రాజు మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, పాఠం చెప్పినట్టు మొదలుపెట్టాడు.

"గ్రామ పంచాయతీకి సర్పంచి అధ్యక్షురాలు. ఆమె ఇంటి వద్ద ఉండును. ఆమె భర్త కుర్చీలో కూర్చుండును. మెంబర్లు సమావేశమునకు వచ్చి టీ తాగి సంతకములు చేయుదురు. రానివారికి బంట్రోతు రిజిస్టరును ఇంటికి తీసుకుపోవును."

"ఇలాగే రాశావా?"

"ఇంతకంటే బాగా రాశానండి, ఇది సంక్షిప్తంగా చెప్తున్నాను. గ్రామసభ ఏడాదికి రెండుసార్లు రిజిస్టరులో జరుగును. దానికి కూడా ఇంటింటికీ తిరిగి సంతకములు తీసుకొనవలెను. పంచాయతీ విధులు: వీధి దీపములు వేయుట, అవి ఎన్నికలకు ముందు వేయబడును. డ్రైనేజీ తీయుట, అది పైనుంచి ఆఫీసర్లు వచ్చునప్పుడు తీయబడును. ముగింపులో, ఈ విధముగా గ్రామ పంచాయతీ ప్రజాస్వామ్యమునకు పునాది అని రాసి అండర్‌లైన్ చేశాను."

సుగుణ చేతిలో ఖాళీ గ్లాసు అలాగే ఉంది. "పుస్తకంలో అలా లేదు కదండీ" అంది మెల్లగా.

"పుస్తకం రాసినోడికి పంచాయతీ అంటే ఏం తెలుసే?" అన్నాడు. "నేను చూసింది రాశాను. ఒక్క ముక్క అబద్ధం లేదు. మార్కులెందుకు ఇవ్వరు?"

అతను చెప్పిన రిజిస్టరులో నా సంతకం కూడా ఉంది. మొన్న కార్తీకంలో బంట్రోతు మా అరుగు మీదికే తెచ్చాడు. దేనికని అడిగితే గ్రామసభ జరిగిందన్నాడు. ఎప్పుడు జరిగిందంటే మొన్న అన్నాడు. ఊళ్లో పిల్లి ఈనినా తెలుసుకునేదాన్ని, సభ జరిగితే నాకెందుకు తెలియలేదని గొణిగి, కళ్లజోడు పెట్టుకుని, అందరి పేర్లూ చదివి, అడుగున నా పేరు పొందికగా రాసి ఇచ్చాను. నాలుగేళ్లుగా ఈ ఊరికి నోరారా అబద్ధాలు చెప్పిన వీర్రాజు, మొదటిసారి నిజం రాశాడు. రాయకూడని చోట పోయి రాశాడు. అతని మీద నాకు జాలి కలగాలి. కలగలేదు. పాఠంలో ఉన్నదానికీ తను చేసేదానికీ తేడా ఉందనే సంగతే ఆ మనిషికి తెలియదు. తెలియకుండానే నాలుగేళ్లు మెంబరుగిరీ చేశాడు. తెలుసుకోవడానికి పదిహేను పేజీలు విప్పితే సరిపోయేది.

జూన్ రెండో వారంలో ఫలితాలు వచ్చాయి. కైకలూరు నెట్ సెంటరుకు పోయి కాగితం తెచ్చాడు. పాసుకు ముప్పై అయిదు కావాలి. ముప్పై వచ్చాయి. తేడా అయిదు. ఆ నల్ల గడి పాఠంలో, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాసి ఉంటే ఎనిమిదిలో ఆరైనా వచ్చేవి. ఈ లెక్క నేను చెప్పలేదు, సుగుణే వేసుకుంది.

"రీకౌంటింగు పెడతాను" అన్నాడు వీర్రాజు. "దిద్దినవాడు ఏ సర్పంచి భర్తో అయ్యుంటాడు."

డిపో పక్క వీధిలో ఒక కొత్త కోడలికి వచ్చింది. పదో తరగతి పుట్టింట్లోనే పాసై వచ్చిన పిల్ల. బియ్యం బస్తాలు మా వీధిలోంచే చిన్న లారీలో పోయాయి. సుగుణ అప్పుడే షెడ్డు నుంచి దిగి వస్తోంది. లారీకి దారిచ్చి, గోడ వారగా నిలబడి, అది మలుపు తిరిగేదాకా చూసింది. ఇంటికి వెళ్లి తలుపు తీసింది. సున్నం వేసిన గది ఇంకా ఖాళీగానే ఉంది. లోపల వీర్రాజు కింద కూర్చుని కొత్త డ్రాయింగు కాగితానికి స్కేలు పెట్టి గళ్లు కొడుతున్నాడు.

నేను ఊరికే ఉండలేక వెనకాలే వెళ్లాను.

"ఏంటండి అది?" అని అడిగింది సుగుణ.

"అక్టోబర్లో మళ్లీ పరీక్ష ఉంది కదా. ఈసారి నలుపు లేకుండా వేత్తన్నాను. నీలం పెట్టాను."

సుగుణ గోడ మీది పాత చార్టు మేకులు ఊడదీసింది. తొందరపడలేదు, కోపపడలేదు. కలువపూలు లోపలికి వచ్చేలా చుట్టి మూల పెట్టింది. కిటికీలో ఉన్న గైడు తీసి పైట కొంగుతో దుమ్ము తుడిచి, నా చేతికి ఇచ్చింది.

"అత్తయ్యగారు, ఓపెన్ స్కూలుకి పేరు రాయించుకోడానికి ఆఖరు తేదీ ఎప్పుడో దేవకుమారి టీచరుగారిని అడిగి చెప్తారా? నాకండి. ఏడో తరగతి వాళ్లని కూడా తీసుకుంటారని పంచాయతీ గోడ మీద ఓపెన్ స్కూలు కాగితంలో ఉందన్నారు కదా మీరు."

"ఉంది. నేను చదివాను" అన్నాను.

"డిపో ఎలాగూ పోయింది. వచ్చే ఏడు అంగన్‌వాడీలో పోస్టు ఖాళీ అవుద్దంటున్నారు. దానికీ పదో తరగతే." తన వేళ్ల వైపు ఒకసారి చూసుకుంది. "ఆదివారం మీరు అడగండి, నేను అప్పజెప్తాను. ముందు పంచాయతీ పాఠం."

వీర్రాజు తలెత్తాడు. మొహంలో ఉత్సాహం వచ్చింది. "నువ్వు చదువుతావా? అయితే నీకు వేరే ప్రణాళిక ఉండాలి. షెడ్డు టైములు వేరు కదా. నీకు గులాబీ రంగు..."

"ప్రణాళిక వద్దండి" అంది సుగుణ, ఎప్పటిలాగే మెత్తగా. క్యారేజీ గిన్నెలు విడదీసి అతను గీసిన గళ్ల మీదే వరసగా పెట్టింది. "మీరు ఈ గిన్నెలు తోమిపెట్టండి చాలు. నా చేతులు మండుతున్నాయి."

వీర్రాజు నా వైపు చూశాడు. నేను గైడు తెరిచి, కత్తిపీటతో విడదీసిన పేజీ దగ్గర వేలు పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి పెరట్లో చేతిపంపు కొట్టిన చప్పుడు వినబడింది. గిన్నెల చప్పుడు మాత్రం చాలాసేపటి దాకా రాలేదు. ముందు ఏది తోమాలో ఆలోచిస్తున్నాడనుకుంటా.